అసలు, నకలు, లావాదేవీ

పరీక్ష రుసుము చెల్లించుటకు గడువు ముగియు దినమున మన ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని యొకతె తండ్రితో కూడ ఇంటర్నెట్ కేంద్రమునకు వెళ్ళి 1,240 రూపాయలు చెల్లించినది. చెల్లించిన వెంటనే తెరపై రెండు పంక్తులు కనబడినవి. మొదటి పంక్తిలో 'జమ 1,240' అనియు, రెండవ పంక్తిలో 'బాకీ 1,240' అనియు ఉన్నది. ఆ తండ్రి కుట్టుమిషను మీద సంసారము నడుపుకొనువాడు, లెక్క తెలిసినవాడే. రుసుము రెండు కిస్తీలు కాబోలు, ఒకటి చేరినది, ఒకటి మిగిలినది అని ఆయన తలచెను. ఆ రెండు పంక్తులకు వేరొక అర్థము లేదు కూడ. పక్క దుకాణమువాని వద్ద చేబదులు తీసికొని మరల 1,240 కట్టెను. ఆ సొమ్మును సైతము తెర స్వీకరించినది. మరునాడు చూడగా జమ 2,480, బాకీ సున్న.

ఆ బాలిక అర్జీ వ్రాయించుకొనుటకు నా వద్దకు వచ్చినది. తెలుగు అధ్యాపకునకు ఇట్టి పనులు తరచు తగులుచుండును. "మా అబ్బా తప్పు చదివిండా సార్?" అని అడిగినది. లేదని చెప్పి అర్జీ వ్రాసి ఇచ్చితిని. సొమ్ము మూడు వారములకు తిరిగి వచ్చినది. దానితో వచ్చిన సమాధానములో, తమ ఖాతా పుస్తకమున ఏ క్షణమునను పొరపాటు లేదని ఉన్నది. ఆ మాట అబద్ధము కాదని తరువాత తెలిసి నేను మరింత ఆశ్చర్యపడితిని. పుస్తకము తప్పు కాదు. తండ్రి తప్పు చదువలేదు. అయినను ఒక పేదవాడు ఒక రుసుమును రెండుమారులు కట్టెను. ఇది ఎట్లు సంభవించినదో కంప్యూటరు శాస్త్ర విభాగపు మిత్రులను అడిగి, వారిచ్చిన వ్యాసములను చదివి తెలిసికొన్న విషయమును ఇచ్చట విద్యార్థుల కొరకు వ్రాయుచున్నాను. కళాశాల పాలక సంఘము వారు కూడ చదువవలెనని నా కోరిక; కారణము చివరకు తెలియును.

కంప్యూటరులో సమాచారము శాశ్వతముగా నిలుచు చోటు ఒకటి, చేతికందు చోటు మరొకటి. తిరుగుచుండు డిస్కు పళ్ళెము మీద ఒక పంక్తిని వెదకి తెచ్చుటకు ఇంచుమించు పది మిల్లీసెకన్లు పట్టును. అదే పంక్తి మెమరీలో ఉన్నయెడల సుమారు నూరు నానోసెకన్లు చాలును. ఈ రెంటికిని లక్ష రెట్ల వ్యత్యాసమున్నది. ఒకరు అడిగినపుడు పది మిల్లీసెకన్లు ఒక లెక్క కాదు. పరీక్షా ఫలితములు వెలువడిన గంటలో లక్షలమంది ఒకే పేజీని అడిగినపుడు, ప్రతివానికొరకు మూలమునకు పోయి వెదకుచు కూర్చున్నచో మూలము కుప్పకూలును. అందుచేత ఒకమారు తెచ్చిన దానిని దగ్గరలో ఒక నకలుగా ఉంచుకొని, తరువాత అడిగినవారికి ఆ నకలునే చూపెదరు. కార్యాలయపు గుమాస్తా బీరువాలోని పెద్ద రిజిస్టరును మాటిమాటికి తీయక, రోజూ కావలసిన నాలుగు అంకెలను బల్లమీది చీటీలో వ్రాసికొనుట వంటిదే ఇది.

ఇట్టి నిల్వకు ఆంగ్లేయులు ఫ్రెంచి భాషనుండి తెచ్చుకొన్న పేరు పెట్టిరి. దాచిపెట్టుట అని దాని మూలార్థము. తెలుగులో వ్రాసినచో అది 'క్యాష్' అగును, నగదు పెట్టెకు కూడ మనవారు అదే మాట వాడుదురు. ఈ వ్యాసమున రూపాయల ప్రసంగము కూడ ఉన్నది కనుక గందరగోళము కలుగకుండుటకు దీనిని 'చేరువ నిల్వ' అని వ్యవహరింతును. ఈ ఆలోచనను 1965లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు మారిస్ విల్క్స్ రెండు పుటల చిన్న వ్యాసములో ప్రతిపాదించెను. 1968లో ఐబిఎం సంస్థ తన 360 శ్రేణిలోని 85వ నమూనా యంత్రమున దీనిని అమర్చినది. అప్పుడది ఒక యంత్రపు కడుపులోని సంగతి. 2003లో లైవ్‌జర్నల్ అను అమెరికా రచనా వేదిక కొరకు బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ 'మెమ్‌క్యాష్‌డీ' అను ప్రోగ్రామును వ్రాసినపుడు, పలు యంత్రముల మెమరీలను కలిపి ఒకే చేరువ నిల్వగా వాడుకొను పద్ధతి బహుళ ప్రచారమునకు వచ్చినది. నేడు పెద్ద వ్యవస్థలలో మూలము ఒకచోట, నకళ్ళు వందల యంత్రములలో ఉండును. అచ్చటనే చిక్కు మొదలగుచున్నది. బల్లమీద ఒకే చీటీ ఉన్నపుడు దానిని దిద్దుట సులభము. వంద బల్లల మీది చీటీలను ఒకే క్షణమున దిద్దుట ఎవరివల్ల అగును?

ఇక లావాదేవీ యనగా నేమి? వాడుకలో ఇచ్చిపుచ్చుకొనుట. కంప్యూటరు శాస్త్రమున మాత్రము, కలిసి జరుగవలసిన కొన్ని మార్పుల కట్ట. రుసుము చెల్లింపులో జమ పెరుగవలెను, బాకీ తరుగవలెను. రెండును జరుగవలెను, లేదా రెండును జరుగరాదు. ఒకటి జరిగి ఒకటి ఆగిన స్థితిని ఎవ్వరును చూడరాదు. ఒకసారి ఖాయమైన పిదప విద్యుత్తు పోయినను ఆ మార్పు నిలువవలెను. ఐబిఎం వారి సాన్ హొసే పరిశోధనాలయమున జిమ్ గ్రే, తన సహచరులు ఎస్వరన్, లోరీ, ట్రెయిగర్‌లతో కలిసి 1976లో ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు పునాదులలో నొకటి. అవిభాజ్యత, సంగతత్వము, ఏకాంతత, మన్నిక అను నాలుగు గుణముల ఆంగ్ల తొలి అక్షరములను కూర్చి 1983లో హేర్డర్, రాయ్టర్ అను జర్మను శాస్త్రజ్ఞులు 'ఏసిడ్' అను పేరు పెట్టిరి. విద్యార్థులకు గుర్తుండు పేరు. ఆమ్లముతో దీనికేమియు సంబంధము లేదు. గ్రే మహాశయునకు 1998లో ట్యూరింగ్ పురస్కారము లభించినది. 2007 జనవరిలో తల్లి చితాభస్మమును సముద్రమున కలుపుటకై ఒంటరిగా పడవలో సాన్ ఫ్రాన్సిస్కో నుండి వెళ్ళిన ఆయన మరల రాలేదు. ఉపగ్రహ చిత్రములను వేలమంది కంటితో జల్లించిరి, జాడ తెలియలేదు. పాఠమునకు ఇది అవసరము కాదు గాని, చెప్పక పోవుటకు మనసొప్పలేదు.

ఈ నాలుగు గుణములకు మూలపు డేటాబేస్ హామీ ఇచ్చును. ఆ హామీ దాని గుమ్మము వరకే. చేరువ నిల్వ గుమ్మమునకు వెలుపల నున్నది. మూలమున మార్పు జరిగినపుడు వెలుపలి నకలును రద్దు చేయవలసినది వేరొక ప్రోగ్రాము, వేరొక కబురు, వేరొక దారి. అసలు, నకలు, జమ, బాకీ, రద్దు, ఖాయము: ఈ వ్యాసమున నేను వాడుచున్న మాటలు చాల వరకు అరబ్బీనుండి పారసీక, ఉర్దూల మీదుగా మన రెవెన్యూ కచ్చేరీలకు వచ్చి తెలుగులో స్థిరపడినవి. ఈ పత్రిక ఉర్దూ భాగమున వ్రాయు మిత్రులకు వీనిని అనువదింప నక్కరలేదు. కచ్చేరీ భాష ఇంత చక్కగా అమరుటకు కారణమున్నది. అసలు ఎచ్చట నున్నది, నకలు ఎవరి వద్ద నున్నది, దేనిని నమ్మవలెను అనునది కంప్యూటరు పుట్టుటకు పూర్వమే కచ్చేరీల సమస్య.

ఇప్పుడు ఆ దినము జరిగిన దానిని సెకన్ల వారీగా చూతము. ఆ కార్యాలయపు పద్ధతి యిది: పేజీ అడుగువాడు వచ్చినపుడు ముందు చేరువ నిల్వలో చూతురు, ఉన్నచో చూపుదురు, లేనిచో మూలమునకు పోయి చదివి, నకలును నిల్వలో ఉంచి, చూపుదురు. మూలము మారినపుడు నకలును చెరిపివేయుదురు. చెరుపకున్నను పదునైదు నిమిషములకు నకలు దానంతటదే తొలగును. వినుటకు ఏ లోపమును లేదు. పది గంటల అయిదు నిమిషములకు బాకీ నకలు గడువు తీరి తొలగినది. మొదటి సెకనులో, కేంద్రమునందలి కుర్రవాడు వేరొక కిటికీలో అదే పేజీని మరల తెరచెను. నిల్వ ఖాళీ, ప్రోగ్రాము మూలమునకు పోయి బాకీ 1,240 అని చదివినది, నిల్వలో ఉంచుటకు బయలుదేరి దారిలో ఏ కారణముననో ఆలస్యమైనది. రెండవ సెకనులో తండ్రి చెల్లింపు ఖాయమైనది. మూలమున బాకీ సున్న. నకలును చెరుపుమని నిల్వకు కబురు వెళ్ళినది. నిల్వలో అప్పటికి ఏమియు లేదు గనుక చెరుపుటకును ఏమియు లేదు. మూడవ సెకనులో మొదటి ప్రోగ్రాము తీరికగా వచ్చి, తాను ఎప్పుడో చదివిన 1,240ని నిల్వలో ఉంచినది. ఇక పదునైదు నిమిషముల వరకు దానిని చెరుపువారు లేరు. జమ పంక్తికి మాత్రము ఇట్టి అడ్డు తగులక క్రొత్త అంకె కనబడినది. ఎవ్వరును తప్పు చేయలేదు. ఎవరి పనిని వారు విధివిహితముగానే చేసిరి. వరుస తారుమారైనది, అంతే.

చెరుపుటకు బదులు క్రొత్త అంకెనే నిల్వలో వ్రాసినచో సరిపోదా అని తరగతిలో ఒకరు తప్పక అడుగుదురు. సరిపోదు. ఒకే ఖాతాను ఇద్దరు వెంటవెంటనే మార్చినపుడు, రెండవవాని కబురు ముందుగాను, మొదటివాని కబురు తరువాతను చేరవచ్చును. అప్పుడు పాత అంకెయే నిలిచిపోవును. చెరుపుటకు ఆ దోషము లేదు. ఒకమారు చెరిపినను పదిమారులు చెరిపినను ఫలితమొక్కటే. చెరుపుట మంచి పద్ధతియే. దానికి ఒక కాపలా కావలెను. ఫేస్‌బుక్ సంస్థ ఇంజనీర్లు రాజేశ్ నిష్టల ప్రభృతులు 2013లో ప్రకటించిన వ్యాసములో ఆ కాపలాను వివరించిరి. నిల్వలో నకలు లేదని తెలిసిన ప్రోగ్రామునకు నిల్వ ఒక టోకెను ఇచ్చును. 64 బిట్ల సంఖ్య. నకలును తెచ్చి ఉంచువాడు ఆ టోకెనును చూపవలెను. నడుమ చెరుపుమని కబురు వచ్చెనా, టోకెను చెల్లదు. మన మూడవ సెకను ప్రోగ్రాము టోకెను చూపగానే 'ఇది రద్దైనది' అని నిల్వ త్రిప్పి పంపి యుండును. పైగా ఒక అంశమునకు పది సెకన్లకు ఒక్క టోకెను మాత్రమే ఇచ్చెడు నియమము పెట్టిరి. మిగిలినవారు కొంచెము ఆగి మరల అడుగవలెను. గుంపుగా వచ్చి మూలము మీద పడు అడుగులను ఇది ఆపినది. అట్టి గుంపులు పడు అంశముల విషయమున, మూలమునకు అత్యధిక తాకిడి సెకనుకు 17,000 నుండి 1,300కు తగ్గినదని వారు వ్రాసిరి.

ఈ ఏర్పాటునకు వారు పెట్టిన పేరునకు తెలుగు 'కౌలు'. నిజమునకు ఆ పేరు వారికంటె పాతది. చేరువ నిల్వల పొందికకై కౌలును 1989లోనే కేరీ గ్రే, డేవిడ్ చెరిటన్‌లు స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిరి. వారి కౌలు ఇంకను గట్టిది: నకలు తీసికొన్నవానికి మూలము, 'ఇన్ని సెకన్ల వరకు నీ అనుమతి లేక నేను మారను' అని మాట ఇచ్చును. మార్పు అవసరమైనపుడు మూలము నకలుదారుని అడుగును. అతడు పలుకనిచో కౌలు గడువు తీరువరకు ఆగి తన దారిన పోవును. యంత్రము చచ్చినను, తీగ తెగినను, కొద్ది సెకన్ల జాప్యము తప్ప నష్టము లేదు. అరబ్బీలో 'కౌల్' అనగా మాట. కౌలు యనగా పొలము అని మాత్రమే ఎరిగిన మనకు, అది ముందు ఇచ్చిన మాట యని గుర్తుచేయుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇంతవరకు చెప్పినది ఒక్క అంకె సంగతి. నా దృష్టిలో అసలైన విషయము ఇక ముందున్నది. పాత అంకెను చూపుట ఎల్లవేళల దోషము కాదు. చద్దియన్నము తినుటలో తప్పులేదు, అది చద్దియని తెలిసియున్న యెడల. ఫలితముల పేజీ రెండు నిమిషములు పాతదైనను ఎవరికిని నష్టము లేదు. నష్టమెక్కడ కలిగినదనగా, పాత బాకీ క్రొత్త జమ ప్రక్కన కూర్చున్నపుడు. జమ సున్న, బాకీ 1,240: ఈ స్థితి ఒకప్పుడు నిజము. జమ 1,240, బాకీ సున్న: ఇదియు నిజమే, తరువాత. జమ 1,240, బాకీ 1,240 అను స్థితి మాత్రము ఆ కార్యాలయపు పుస్తకమున ఒక్క క్షణమైనను లేదు. రెండు నిజములను జతపరచి తెర ఎన్నడును లేని దానిని చూపినది. రుసుము మొత్తము 2,480 అను సంఖ్య ఈ జతలోనే పుట్టినది. ఆ తండ్రి నమ్మినది దానినే. విడివిడిగా ప్రతి నకలును తాజాగా ఉంచుటకు చేయు ప్రయత్నములన్నియు ఈ దోషమును తగ్గించునే గాని తొలగింపజాలవు. ఏలనగా రెండు నకళ్ళను రెండు యంత్రముల నుండి చదువు నడుమ కూడ మూలము మారవచ్చును.

దీనికి ఎంఐటీలో డాన్ పోర్ట్స్, బార్బరా లిస్కోవ్ మొదలైనవారు 2010లో చూపిన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. ప్రతి నకలు మీదను అది ఎప్పటినుండి ఎప్పటివరకు నిజమో వ్రాసి యుంచవలెను. బాకీ 1,240 అను నకలు మీద 'ఉదయము తొమ్మిది నుండి పది గంటల అయిదు నిమిషముల రెండవ సెకను వరకు' అని ఉండును. జమ 1,240 అను నకలు మీద 'పది గంటల అయిదు నిమిషముల రెండవ సెకను నుండి' అని ఉండును. ఒకే పేజీలో చూపదలచిన నకళ్ళ చెల్లుబాటు కాలములు కనీసము ఒక్క క్షణమైనను కలియవలెను. ఈ రెండును కలియవు. కావున ఈ జతను చూపరాదు. ప్రోగ్రాము రెండింటిని పాతవి తేవలెను, లేదా రెండింటిని క్రొత్తవి తేవలెను. పాతవి ఎంత పాతవి కావచ్చునో, ముప్పది సెకన్లా, ఒక నిమిషమా, అది అడుగువాడు ముందే చెప్పవచ్చును. ఇందులోని మెలకువ గమనింపుడు: తాజాదనమును కొంచెము వదలుకొని పొందికను సంపూర్ణముగా దక్కించుకొనిరి. పది నకళ్ళలో తొమ్మిది తాజావి, ఒకటి పాతది అయిన పేజీకంటె, పదియు ఒకే పాత క్షణమునకు చెందిన పేజీ మేలని నా అభిప్రాయము.

ఇచ్చట నా వాదమునకు నేనే ఒక అభ్యంతరము చెప్పవలసి యున్నది. ఆనాడు తెరపై రెండును పాత అంకెలే, జమ సున్న, బాకీ 1,240 అని కనబడి యున్నచో ఆ తండ్రి ఏమి చేసి యుండును? సొమ్ము చేరలేదని భయపడి, గడువు ముగియునను తొందరలో మరల కట్టి యుండవచ్చును. పొందికగల పాత పేజీ చూచుటకు పనికివచ్చును, నిర్ణయించుటకు చాలదు. అందుచేత రెండవ నియమము కావలెను. చదువుట నకలు నుండి కావచ్చును. సొమ్ము పుచ్చుకొనుట మాత్రము అసలును అడిగిన పిదపనే జరుగవలెను. ఆ కార్యాలయపు ప్రోగ్రాము బాకీ నకలును చూచియే చెల్లింపు తలుపు తెరచినది. మొదటి లోపము కంటె ఇది పెద్ద లోపము.

అసలును అడుగుటకు ప్రతిసారి తాళము వేసికొని కూర్చుండ నక్కరలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కుంగ్, రాబిన్సన్‌లు 1981లో చెప్పిన ఆశావహ పద్ధతి ప్రకారము, ఎవ్వరును అడ్డురారని ఆశించి పని కానిత్తురు. ఖాయము చేయు ముందు మాత్రము సరిచూతురు. ఆచరణలో ప్రతి అంశమునకు ఒక కూర్పు సంఖ్య ఉంచుట వాడుక. నకలు చదివినపుడు బాకీ ఏడవ కూర్పు. ఖాయము చేయబోవు వేళ మూలమున అది ఎనిమిదవ కూర్పైనది. ఎనిమిది ఏడు కాదు గనుక లావాదేవీని త్రోసిపుచ్చి, క్రొత్త అంకెతో మొదటినుండి ఆరంభింపుమందురు. నేటి చెల్లింపు ప్రోగ్రాములలో ప్రతి చెల్లింపునకు ఒక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండుమారులు వచ్చినచో ఒకే చెల్లింపుగా లెక్కించుట కూడ కలదు. బొత్తామును పొరబాటున రెండుమారులు నొక్కినవానిని ఇది కాపాడును. మన కుట్టుపనివానిని ఇది కాపాడజాలదు. ఆయన రెండవసారి కట్టినది పొరబాటున కాదు, చదివి, ఆలోచించి, అప్పుచేసి కట్టెను. అది క్రొత్త సంఖ్యగల క్రొత్త చెల్లింపు. ఆయనను కాపాడగలిగినది మూలమున కూర్పు సంఖ్యను సరిచూచుట యొక్కటే.

జమ ఒక యంత్రమున, బాకీ వేరొక యంత్రమున ఉన్నపుడు రెండింటిని ఒకేసారి ఖాయము చేయుట మరింత కష్టము. దీనికి రెండు దశల పద్ధతి కలదు. మొదటి దశలో మధ్యవర్తి యంత్రము ప్రతివానిని 'సిద్ధమేనా?' అని అడుగును. అందరును సమ్మతించిన పిదప రెండవ దశలో 'ఖాయము' అని ప్రకటించును. ఒక్కరు కాదన్నను అందరికిని రద్దే. జిమ్ గ్రే 1981 నాటి వ్యాసములో దీనిని క్రైస్తవ వివాహముతో పోల్చెను. మనకు నికాహ్ మరింత దగ్గర: వధువు సమ్మతిని సాక్షుల ముఖమున తెలిసికొని, వరునిచేత కబూల్ అనిపించి, ఖాజీగారు సియాహాలో నమోదు చేయుదురు. పోలిక పూర్తిగా అతకదు. యంత్రములలో సమ్మతి చెప్పినవాడు మధ్యవర్తి తీర్పు వచ్చువరకు కదలరాదు. ఆ నడుమ మధ్యవర్తియే పడిపోయినచో వారు తాళములు పట్టుకొని అట్లే నిలువవలెను. అందుకే అనుభవజ్ఞులు కలిసి మారవలసిన అంకెలను వీలైనంతవరకు ఒకే యంత్రమున ఉంచుదురు.

ఈ చివరి మాటకు మన ప్రాంతపు ఉదాహరణమే ఒకటి ఉన్నది. భారతీయ రైల్వేల రిజర్వేషను కొరకు క్రిస్ సంస్థ తయారుచేసిన 'కాన్సర్ట్' అను ప్రోగ్రామును మొట్టమొదట 1994లో సికింద్రాబాదులో అమలుపరచిరి. ఢిల్లీ, ముంబయి, కోల్‌కత, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు అయిదును 1999 నాటికి ఒకే వలగా అనుసంధింపబడినవి. అయిదు కేంద్రములలోను ప్రతి రైలు బెర్తుల పట్టికకు నకళ్ళు ఉంచి ఎవరికి తోచినట్లు వారు అమ్ముకొనుడని చెప్పియున్నచో, ఒక బెర్తుకు అయిదుగురు ప్రయాణికులు వచ్చి యుందురు. అట్లు చేయలేదు. ఒక్కొక్క రైలు పట్టిక ఒక్కొక్క కేంద్రమున ఉండును. వేరొకచోట టికెట్టు అడిగినను, ఆ కోరిక వల మీదుగా పట్టిక ఉన్న కేంద్రమునకే పోయి అచ్చటనే ఖాయమై వచ్చును. ఖాళీలు చూపు తెర వేరు సంగతి. నేడు ఫోనులో ఖాళీలు నాలుగని చూచి సొమ్ము కట్టునంతలో వెయిటింగు లిస్టులోనికి పోయినవారు మనలో అనేకులు కలరు. విసుగుకొందుము గాని, రైల్వేవారు ఒకే బెర్తును ఇద్దరికి అమ్మిరని అనము. చూపు చోట పాతదనమును సహించి, అమ్ము చోట సహింపకుండుట వలన లభించిన ఫలమిది. మన రుసుము తెరకు కావలసి యుండినది ఈ భేదమే.

తీగ తెగినపుడు ఏమి చేయవలెనను ప్రశ్న మిగులును. 2000లో ఎరిక్ బ్రూయర్ ఊహించి, 2002లో గిల్బర్ట్, నాన్సీ లించ్‌లు నిరూపించిన సిద్ధాంతము ప్రకారము, యంత్రముల నడుమ సంబంధము తెగినంతసేపు ప్రతి ప్రశ్నకు జవాబు చెప్పుటయు, ఆ జవాబు తప్పక సరియైనదగుటయు ఒకేసారి సాధ్యము కావు. 'ఇప్పుడు చెప్పజాలను' అని ఊరకుండుటయా, పాతదైనను ఏదో యొకటి చెప్పుటయా, ముందే నిర్ణయించుకొనవలెను. వాణిజ్య వేదికలు సాధారణముగా రెండవ దారిని పట్టును. తలుపు మూసిన దుకాణమునకు గిరాకీ ఉండదు గదా. రుసుములు, ఉపకార వేతనములు, హాల్‌టికెట్ల విషయమున మొదటి దారియే న్యాయమని నేను తలచుచున్నాను. 'కొంచెము సేపు ఆగి చూడుడు' అను మాట చూచి ఆ తండ్రి ఒక టీ త్రాగి వచ్చి యుండును. అప్పు చేసి యుండడు.

పాలక సంఘము వారికి మనవి. మన కళాశాల రుసుములను కూడ త్వరలో తెరమీదనే వసూలు చేయు ఆలోచన ఉన్నదని వినుచున్నాము. ఆ పనిని ఏ సంస్థకు అప్పగించినను ఒప్పందములో మూడు సంగతులు వ్రాయించవలెనని కోరుచున్నాను. అంకె చూపిన ప్రతిచోట అది ఏ సమయపు లెక్కయో ప్రక్కనే తెలుగులోను ఉర్దూలోను ఉండవలెను. ఒకే పేజీలోని అంకెలన్నియు ఒకే సమయమునకు చెందవలెను. చెల్లింపు తలుపు తెరచుటకు ముందు మూలపు రిజిస్టరును తప్పక అడుగవలెను. రిజిస్టరు పలుకనిచో తలుపు తెరువరాదు. దీనివలన పేజీ కొంచెము నెమ్మది కావచ్చును. మన విద్యార్థులలో అనేకుల యిండ్లలో 1,240 రూపాయలు ఎన్ని దినముల సంపాదనయో సంఘము వారికి నేను చెప్ప నక్కరలేదు.

కంప్యూటరు విద్యార్థులు దీనిని ప్రయోగశాలలో స్వయముగా చూడవచ్చును. ఒక యంత్రమున ఏదైనను చిన్న డేటాబేస్, ప్రక్క యంత్రమున మెమ్‌క్యాష్‌డీ లేక రెడిస్ అమర్చుడు. నిల్వ ఖాళీగా నున్నపుడు మూలమును చదివి నకలు ఉంచు ప్రోగ్రామును వ్రాసి, చదువుటకును ఉంచుటకును నడుమ అయిదు సెకన్ల విరామము పెట్టుడు. ఆ విరామములో ఒకరు మూలపు అంకెను మార్చి, నకలును చెరుపు ఆజ్ఞ ఇయ్యవలెను. అయిదవ సెకను దాటిన తరువాత నిల్వను అడిగి చూడుడు; పాత అంకె నిశ్చింతగా కూర్చుండి యుండును. పిదప టోకెను పద్ధతిని చేర్చి అదే ప్రయోగమును మరల చేయుడు. విరామమును తీసివేసి వేయిమారులు నడిపినపుడు ఆ తప్పు ఎన్నిమారులు దొరకునో లెక్కపెట్టి చూడుడు. బహుశః ఒక్కమారును దొరకకపోవచ్చును. పరీక్షించి చూచి 'బాగున్నది' అని సంతకము చేసిన ఆ కార్యాలయమువారికి కూడ దొరకలేదు.